ఏటికి వీపుపెట్టిన మనిషి

మా మావయ్య చేసే పనిలో ముందుకు నడవడమన్నది లేదు. కోట గుమ్మం దగ్గర టూరిస్టులకు ఎదురుగా నిలబడతాడు. గొంతు సవరించుకుని మాట మొదలుపెడతాడు. ఆ మాటతోపాటే ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఇక అక్కడినుంచి ఏటి మెట్ల దాకా, సుంకాల వీధి మలుపులూ, గడియార స్తంభం చుట్టూ ఆగి ఉండే బండ్లూ, కాలవ మీది రాతిపలకా అన్నీ దాటుకుంటూ, మొహం జనం వైపూ వీపు ఊరి వైపూ పెట్టి నడుస్తూనే ఉంటాడు. ఎక్కడా తడబడడు. ఎవరినీ రాసుకోడు. మొదటిసారి చూసినవాళ్ళు చరిత్ర వినడం మాని, ఈయన ఎప్పుడు పడతాడా అని చూస్తారు. పడకపోయేసరికి కాస్త నిరాశపడి, అప్పుడు వినడం మొదలుపెడతారు.

తోటి గైడ్లు ఆయనకు రివర్సుగేరు అని పేరు పెట్టారు. సాయంత్రం పని ముగించి బయల్దేరుతుంటే, "ఇంటికెళ్ళేప్పుడైనా గేరు మార్చు గురూ, వదిన గుర్తుపట్టదు" అని ఎవరో ఒకరు అంటారు. మావయ్య నవ్వేస్తాడు. రోజూ అనే హాస్యానికి రోజూ నవ్వగలగడం ఆయన మంచితనాల్లో ఒకటి.

ఈ నడక ఆయనకు పుట్టుకతో వచ్చింది కాదు. కుర్రతనంలో కోట గుమ్మం దగ్గర బొమ్మల కార్డులు అమ్మేవాడు. ఒక ముసలి గైడు జ్వరంతో మంచం పడితే ఆయన గుంపును ఒక పూట ఇతనికి అప్పజెప్పారు. మావయ్య ఉత్సాహంగా ముందు నడుస్తూ, చేతులు ఊపుతూ, కోట కట్టించిన దొర దగ్గర మొదలుపెట్టి ఏటి మెట్ల దాకా ఊపిరి తీసుకోకుండా చెప్పాడట. మెట్ల దగ్గర వెనక్కి తిరిగి చూస్తే ఒక్క ముసలాయన మిగిలాడు. తక్కినవాళ్ళంతా గడియార స్తంభం దగ్గరే సోడా బండి చుట్టూ ఆగిపోయారు. మిగిలిన ఆ ఒక్క ముసలాయనకూ చెవుడు. "చాలా బాగా చెప్పావు నాయనా, ఇంతకీ ఏరెక్కడ?" అని అడిగాడట. ఆ మర్నాడే మావయ్య జనం వైపు తిరిగాడు. మళ్ళీ అటు తిరగలేదు.

"మనిషి కళ్ళు మాట వచ్చే చోటికి పోతాయి. నా మొహం చూస్తున్నవాడు నా భుజం మీదుగా కోటని చూస్తాడు. నా వీపు చూసేవాడికి నా చొక్కా తప్ప ఏం కనిపిస్తుంది?" అనేవాడు నాతో. అమ్మకు తమ్ముడాయన. నేను ఎం.ఏ. చదవడానికి ఈ ఊరొచ్చి, రెండేళ్ళుగా వాళ్ళింట్లోనే ఉన్నాను. ఆదివారాలు పుస్తకం సంచిలో పెట్టుకుని ఆయన గుంపు చివర నడిచేదాన్ని. అడిగినవాళ్ళకు నేనూ టూరిస్టునే.

ఊరు చూడ్డానికి రావలసిన ఊరే. కోట గోడ పగుళ్ళలోంచి గడ్డి మొలిచినా గుమ్మం మాత్రం ఇంకా రాజసంగా ఉంది. సుంకాల భవనం దూలానికి పెద్ద తక్కెడ వేలాడదీసిన ఇనుప కొక్కెం అలాగే ఉంది. ఏటి మీది వంతెన సగం రాతి స్తంభాల మీదా, సగం ఇనుప కాళ్ళ మీదా నిలబడి ఉంటుంది. రాతిదాంట్లో సగం ఒక వరదకు కొట్టుకుపోతే, ఆ సగాన్ని తర్వాతి తరంవాళ్ళు ఇనుముతో కట్టారు. "సగం తాతది, సగం మనవడిది. కలిసి కాపురం చేస్తున్నారు" అని మావయ్య చెబితే ఎప్పుడూ నవ్వులు వచ్చేవి.

అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైనవి ఏటి మెట్లు. పడవల వ్యాపారం నడిచిన కాలంలో బస్తాలు మోసిన కాళ్ళు ఆ మెట్లను ఒక్కోదాన్ని ఒక్కో రకంగా అరగదీశాయి. ఒకటి మధ్యలో గిన్నెలా గుంటపడింది. ఒకటి ఎడమకు వాలింది. ఒకటి అంచు విరిగి, మడమకు గరుకుగా తగిలేది. సగం దిగాక వెడల్పాటి చదును ఒకటి ఉండేది. మోతవాళ్ళు బస్తా దించుకుని ఊపిరి పీల్చుకునే చోటు కాబట్టి దానికి దింపుడు చదునని పేరు. మావయ్య ఆ మెట్లు దిగుతుంటే కథ మడమల్లోంచి పైకి వచ్చేది. గుంట తగిలితే చాకళ్ళ కథ, గరుకు తగిలితే వరద కథ, చదును తగిలితే మోతవాళ్ళ కథ. చదును మీద నిలబడి, రెండు చేతులూ చాపి, "ఇక్కడ చదును. దర్జాగా నిలబడండి, వంతెన చూడండి" అనేవాడు. గుంపు మొత్తం తలెత్తి వంతెన చూసేది. కాళ్ళ కింద ఏముందో ఎవరూ చూసుకునేవారు కాదు. ఆయన చూసుకున్నాడని నమ్మకం.

మావయ్య కళ్ళ సంగతి నాకు ఒక కుర్చీ వల్ల తెలిసింది.

వాళ్ళిల్లు సుంకాల భవనం వెనక సందులో, రెండో అంతస్తులో రెండు గదులు. ముందు గదిలో అత్తయ్య కుట్టుమిషను, మావయ్య మంచం, గోడకు బట్టల మేకు. వెనక గదిలో వంట, నా పుస్తకాలు. అత్తయ్య రెడీమేడ్ బట్టల దుకాణంలో సైజులు తగ్గించే పని చేస్తుంది. నడుము వదులు, చేతులు పొడుగు అని ఎవరు వచ్చినా కంటితో చూసి ఇంత అని చెప్పేస్తుంది. ఆ ఇంట్లో ఏ వస్తువూ చోటు మారకూడదన్నది ఆవిడ శాసనం. చెంబు అక్కడే, చెప్పులు అక్కడే. ఆవిడ శుభ్రత పిచ్చి అనుకున్నాను. ఒకరోజు వెలుతురు కోసం కుర్చీ కిటికీ దగ్గరికి జరుపుకుని చదువుకుంటూ, మధ్యలో మంచినీళ్ళకు లేచాను. మావయ్య లోపలికి వస్తూ పట్టపగలు ఆ కుర్చీ మీద పడ్డాడు. మోకాలు పట్టుకుని, "ఏం లేదు, ఏం లేదు" అంటున్నాడు. అత్తయ్య కుర్చీని దాని చోట పెట్టి, నన్ను వంటగదిలోకి పిలిచింది.

"మీ మావయ్యకు నీటికాసులు. పక్కలు కనిపించవు. కింద కనిపించదు. గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా ఒక్క ముక్క కనిపిస్తుంది, అంతే. డాక్టరు చుక్కలిచ్చాడు. పోయిన చూపు రాదట, ఉన్నది నిలబెట్టుకోవాలట."

"ఎప్పట్నుంచి అత్తయ్యా?"

"నువ్వు రాకముందు నుంచే."

"మరి ఆ నడక..."

"అదే మరి చోద్యం. వెనక్కి నడిచేటప్పుడు వెనక ఎవరికీ కనబడదు కదా. ఆయనకీ నీకూ తేడా ఏముంది? ముందుకు నడిస్తేనే దొరికిపోతాడు. ఎక్కడా అనకు. బిళ్ళ లాగేసుకుంటారు."

బిళ్ళంటే గైడు చొక్కాకు పెట్టుకునే ఇత్తడి గుర్తు. అది ఉంటేనే కోట గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుని తన వంతు కోసం ఎదురుచూసే హక్కు.

ఆ తర్వాత నేనూ చూడటం నేర్చుకున్నాను. ఒకప్పుడు గుంపు మొత్తాన్ని ఒక్క చూపులో పట్టుకునే మావయ్య, ఇప్పుడు మొహం తర్వాత మొహాన్ని వెతుక్కుంటున్నాడు. అంచున నిలబడి ప్రశ్న అడిగినవాళ్ళ వైపు తల మొత్తం తిప్పుతున్నాడు. ఒక్కోసారి ఎటు తిప్పాలో తెలియక అసలు తిప్పడం లేదు. ఒకావిడ ఏదో అడిగి అడిగి విసిగి, "చూశావా, నాలుగు కథలొచ్చేసరికి కళ్ళు నెత్తికెక్కాయి" అని మొగుడితో అంది. మావయ్య విన్నాడు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటూ, "నెత్తికెక్కినా బాగుండేది, పైనుంచి అన్నీ కనిపించేవి" అన్నాడు. అత్తయ్య కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయింది.

ఇలా ఇంకెన్నాళ్ళు నడిచేదో. ఆ ఏడాది వానలకు ముందు ఏటి మెట్లకు అడ్డంగా రేకులు కట్టారు. కొత్త మెట్లు వేస్తున్నామని బోర్డు పెట్టారు. రేకులు తీసేసరికి మెట్లన్నీ ఒకే బూడిదరంగులో, ఒకే ఎత్తులో, అచ్చు పోసినట్టు ఉన్నాయి. దింపుడు చదును సగంలో లేదు. దాన్ని కిందికి, నీటి దగ్గరికి జరిపారు, పడవ ఎక్కేవాళ్ళకు వీలుగా ఉంటుందని.

గైడ్లు మండిపడ్డారు. వాళ్ళ సంఘానికి పెద్ద ఒకాయన ఉన్నాడు. అందరూ ప్రెసిడెంటన్న అంటారు. "తాతగారి పళ్ళు పీకి కట్టుడు పళ్ళు పెట్టి, ఇప్పుడు నవ్వమంటున్నారు. ఏం చూపించమంటారు వచ్చినవాళ్ళకి? సిమెంటా?" అని గుమ్మం దగ్గర అరిచాడు. మావయ్య దిగులు వేరు.

మర్నాడు తెల్లవారుతుండగానే అత్తయ్య ఆయన్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. నన్నూ రమ్మంది. పైమెట్టు మీద పుస్తకం తెరిచి కూర్చోవడం నా పని. తెలిసినవాళ్ళెవరైనా వస్తే దగ్గాలి. మావయ్య చెప్పులు విప్పి, ఏటికి వీపుపెట్టి, మెల్లగా దిగడం మొదలుపెట్టాడు. అత్తయ్య ఆయన పక్కనే దిగుతోంది.

"ఇప్పుడు ఎక్కడున్నాను?"

"సగంలో."

"సగమంటే?"

"సగమంటే సగమే. పైన ఎన్నున్నాయో కింద అన్నే."

"నీకు తెలిస్తే ఏం లాభం? నా మడమకు తెలియాలి."

"అయితే మీ మడమనే అడగండి."

"అడిగాను. అన్నీ ఒక్కటే అంటోంది. మీ షాపు చొక్కాల్లా ఉన్నాయివి."

"మా షాపు చొక్కాలకు కనీసం నంబర్లుంటాయి. మీరూ లెక్కపెట్టుకోండి."

"లెక్కపెడుతూ కథ ఎలా చెప్పను? మోతవాడు బస్తా దించుతుంటే మధ్యలో పదకొండు అనమంటావా?"

"పైకెందుకు? మనసులో అనుకోండి."

"మనసులో పడవలున్నాయే."

అత్తయ్యకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ కనబడకుండా కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అలా పెట్టుకోనక్కర్లేదని తర్వాత గుర్తొచ్చినట్టుంది, కొంగు దించేసింది.

కింది మెట్టు మీద ఇద్దరూ కూర్చున్నారు. "ఇన్నేళ్ళలో మీరు ఇటు తిరిగి ఏరు చూసిందెప్పుడు?" అంది అత్తయ్య. మావయ్య నిజంగానే ఆలోచించాడు. అప్పుడు ఏటి వైపు తిరిగి, తలను అటూ ఇటూ జరుపుతూ చాలాసేపు చూశాడు. "వంతెన చూద్దామంటే ఏరు పోతోంది. ఏరు చూద్దామంటే వంతెన పోతోంది" అన్నాడు.

వారం రోజులు వెళ్ళారు. ఏడో రోజుకు మావయ్య, "ఇక పర్వాలేదు, వచ్చేసింది" అన్నాడు. ఆయన అబద్ధమాడుతున్నాడని అత్తయ్యకు తెలుసు. మానేయమని అనడానికి ఆవిడకు నోరు రాలేదు. ఆ పని మానేస్తే ఆయన ఏం చేస్తాడో, ఆ గదిలో పగలంతా ఎలా కూర్చుంటాడో ఆవిడ ఊహించుకోలేకపోయింది. "నువ్వు మాత్రం ఆదివారాలు వదలకు" అంది నాతో.

ఆదివారమే జరిగింది. పెద్ద గుంపు. ఎడమ చివర కొడుకూ కోడలితో వచ్చిన పెద్దావిడ ఒకరు ఉన్నారు. తెల్లటి జుట్టు, మెడలో కళ్ళద్దాల గొలుసు. కోట దగ్గరనుంచీ మావయ్య ప్రతి మాటకూ ఊ కొడుతూ, కోడలు నీళ్ళ సీసా ఇస్తే "ఉండవే, విననీ" అని కసురుతూ వచ్చారు. మెట్లు దిగడం మొదలైంది. మావయ్య ఆరోజు మంచి ఊపు మీదున్నాడు. చాకళ్ళ కథ అయింది. వరద కథ అయింది. మోతవాళ్ళ కథలోకి వచ్చాడు. బస్తా బరువుకు మెడ నరాలు ఉబ్బడం, ఊపిరి ఎగపోయడం ఆయన మొహంలోనే కనిపిస్తున్నాయి. ఆ మాట మీదే, నాలుకకు అలవాటైన చోట, రెండు చేతులూ చాపాడు.

"ఇక్కడ చదును. దర్జాగా నిలబడండి, వంతెన చూడండి!"

చదును లేదు. మెట్టు తర్వాత మెట్టే ఉంది. ముందున్నవాళ్ళు తూలి, ఒకరినొకరు పట్టుకుని నిలదొక్కుకున్నారు. ఎడమ చివర పెద్దావిడ వంతెన వైపు తలెత్తి, చదును మీద వేసినట్టే అడుగు వేశారు. పడ్డారు. చెయ్యి కిందపెట్టి పడ్డారు. కేక వినిపించింది.

నన్ను ఇప్పటికీ వెంటాడేది ఆ కేక కాదు. కేక తర్వాత కూడా మావయ్య చెబుతూనే ఉన్నాడు. "సగం తాతది, సగం మనవడిది" అని, నవ్వు కోసం ఆగాడు. ఎవరూ నవ్వలేదు. అప్పుడు ఆయన మొహంలో రంగు పోయింది. తల అటూ ఇటూ తిప్పుతూ, "ఏమైంది? ఎవరు?" అని అడిగాడు. ఆవిడ ఆయన పాదాలకు జానెడు దూరంలో పడి ఉన్నారు.

మణికట్టు విరిగింది. కట్టు కట్టించారు. కొడుకు పురాతన కట్టడాల ఆఫీసుకు ఫిర్యాదు ఇచ్చాడు. వచ్చే గురువారం అధికారి స్వయంగా మెట్ల దగ్గరికి వచ్చి విచారిస్తారని కబురొచ్చింది.

ఆ సాయంత్రమే ప్రెసిడెంటన్న ఇంటికొచ్చాడు. ఆయన వెనక మరో ఇద్దరు గైడ్లు. గదిలో చోటు లేక ఒకడు గడపలోనే నిలబడ్డాడు.

"భయపడకు. ఇది మనకు కలిసొచ్చింది. నేను ముందే చెప్పానా లేదా, ఆ మెట్లు జనాన్ని పడేస్తాయని? ఇన్నేళ్ళ అనుభవమున్న నువ్వే తడబడ్డావంటే ఇక మాట్లాడేదేముంది? కాంట్రాక్టరు చేత మళ్ళీ వేయిద్దాం, చదును చదునున్న చోటే పెట్టిద్దాం. నువ్వు నోరు విప్పకు, చాలు. మాట్లాడేది నేను."

"పెద్దావిడకు ఎలా ఉందట?" అన్నాడు మావయ్య.

"ఉంది, ఉంది. బతికే ఉంది. చెయ్యే కదా."

"కుడిచెయ్యా?"

ప్రెసిడెంటన్నకు తెలియదు. అత్తయ్య వాళ్ళకు టీ ఇచ్చింది. గ్లాసు మావయ్య చేతికి మాత్రం నేరుగా, వేళ్ళకు తగిలేలా ఇచ్చింది. వచ్చినవాళ్ళు అది ప్రేమనుకున్నారు. "వదినా, మా ఇంట్లో గ్లాసు నేలమీద పెట్టి, తాగితే తాగు లేకపోతే లేదంటుంది మా ఆవిడ" అని ఒకడు జోకు వేశాడు.

మర్నాడు మేస్త్రీ వచ్చాడు. మెట్లు వేసింది అతనే. పక్క వీధి మనిషి. బక్కపలచగా ఉంటాడు. చేతి గోళ్ళలో సిమెంటు ఎప్పటికీ పోదు. పని మధ్యలో లేచొచ్చినట్టున్నాడు, చేతిలో రసమట్టం ఉంది. మేస్త్రీలు గాజుగొట్టంలో బుడగను చూసి వాలు కనిపెట్టే చెక్క అది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"అన్నా, కొలతంతా ఆఫీసువాళ్ళిచ్చిన కాగితం ప్రకారమే వేశాను. చదును కిందికి జరపమన్నదీ వాళ్ళే. ఇప్పుడు కాంట్రాక్టరు, మా మేస్త్రీ తాగొచ్చి వంకరగా వేశాడని చెబుతానంటున్నాడు. నేను తాగనని నీకు తెలుసు కదన్నా. ఆ మాట ఒకసారి నా మీద పడిందంటే ఈ ఊళ్ళో నా చేత ఇటుక పెట్టించేవాడు ఉండడు. నీకేమైనా మెట్టు ఎగుడుదిగుడుగా తగిలిందా? తగిలితే చెప్పు, ఒప్పుకుంటా."

మావయ్య తల దించుకున్నాడు. అత్తయ్య మిషను ముందునుంచి లేచింది.

"ఇదేమన్నా కోర్టా, సాక్ష్యానికి పిలవడానికి? ఆయనకే ఒంట్లో బాగాలేదు. ఏదున్నా గురువారం అక్కడ మాట్లాడుకోండి."

మేస్త్రీ ఆవిడ వైపు కాసేపు చూశాడు. "సరే అక్కా" అని వెళ్ళిపోయాడు. అతను మెట్లు దిగుతున్న చప్పుడు ఆగింది.

"వాడి చేతులు బాగానే ఉన్నాయి" అన్నాడు మావయ్య.

"నా మొగుడి కళ్ళు బాగాలేవు. నాకు అది ముందు" అంది అత్తయ్య.

"నువ్వు ఎవరికైనా నడుము కొలత తప్పు చెప్పి, గుడ్డది తప్పని అంటావా?"

"అంటాను. మిమ్మల్ని ఇంట్లో కూర్చోబెట్టాల్సి వస్తే అంటాను. పగలంతా ఈ గోడ చూస్తూ కూర్చుంటారా? ఆ గోడైనా పూర్తిగా కనిపిస్తుందా మీకు?"

అంత మాట అనేశాక ఆవిడ రెండు చేతులూ మిషను మీద పెట్టి నిలబడిపోయింది. మావయ్య కోప్పడలేదు. మంచం పట్టె తడుముకుంటూ వెళ్ళి, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వారమంతా ఆ ఇంట్లో మాటలు ఉప్పూ నీళ్ళ వరకే. ఆయన చుక్కలు వేయించుకోవడం కూడా మానేశాడు. అత్తయ్య సీసా పట్టుకుని మంచం దగ్గర నిలబడేది. ఆయన కళ్ళు గట్టిగా మూసుకునేవాడు. ఇద్దరూ నాతో మాత్రం మామూలుగానే ఉన్నారు. అదే నాకు ఊపిరాడనిచ్చేది కాదు.

గురువారం మెట్ల దగ్గర సంత సంతగా జనం. గైడ్లందరూ పని మానుకుని వచ్చారు. అధికారి నెమ్మదైన మనిషి. గొడుగు తనే పట్టుకుని వచ్చారు. కాంట్రాక్టరు ఒక పక్క, వాడి వెనక పది అడుగుల దూరంలో మేస్త్రీ. ప్రెసిడెంటన్న ఎంతసేపు మాట్లాడాడో. పాత మెట్ల గొప్ప, కొత్త మెట్ల పాపం, రేపు పడబోయేవాళ్ళ ఎముకలు అన్నీ వచ్చాయి ఆ ఉపన్యాసంలో. జనం చప్పట్లు కూడా కొట్టారు. అధికారి అంతా విని, మావయ్య వైపు తిరిగారు.

"మీరు అక్కడ చదును ఉందన్నారట. లేదు కదా. ఎందుకన్నారు?"

"కనబడలేదండి" అన్నాడు మావయ్య.

"కనబడకుండా కట్టారు సార్!" ప్రెసిడెంటన్న అందుకున్నాడు. "అంతా ఒకటే రంగు. ఎవడికి కనబడుతుంది?"

"అందరికీ కనబడుతుంది" మావయ్య గొంతు పెంచాడు. గుంపుకు కథ చెప్పే గొంతే అది, వెనక వరసదాకా వినిపించేది. "నాకే కనబడదు. నాకు కళ్ళు పోతున్నాయండి. చాన్నాళ్ళైంది. మెట్లు సరిగ్గానే ఉన్నాయి. మేస్త్రీ పనిలో వంక లేదు."

నా పక్కనే ఉన్న అత్తయ్య చెయ్యి నా మోచేతిని బిగించి పట్టుకుంది.

"అదేం మాట? నన్ను చూసి మాట్లాడుతూనే ఉన్నారుగా" అన్నారు అధికారి. నమ్మలేదో, ఆయన్ని కాపాడాలనుకున్నారో. నెమ్మదిగా చెయ్యి పక్కకు చాపి, "ఇవి ఎన్ని వేళ్ళో చెప్పండి, చాలు" అన్నారు.

మావయ్య ఆయన మొహంలోకి మర్యాదగా చూస్తున్నాడు.

"చూపించండి, చెబుతాను" అన్నాడు.

చాపిన చెయ్యి అలాగే గాలిలో ఉంది. గైడ్లలో ఎవరో "అయ్యో" అన్నారు. అధికారి చెయ్యి దించుకున్నారు. బిళ్ళ అడగడానికి ఆయనకు ముఖం చెల్లలేదు. మావయ్యే తీశాడు. పిన్ను చొక్కాకు చిక్కుకుంటే అత్తయ్య వెళ్ళి విప్పింది.

మేస్త్రీ రసమట్టం చంకలో పెట్టుకుని, తల దించుకుని వెళ్ళిపోయాడు. ప్రెసిడెంటన్న మాత్రం వదల్లేదు. పై మెట్టు దగ్గర దారికి అడ్డం నిలబడ్డాడు.

"మా అందరి నోట్లో మట్టి కొట్టావు కదరా. ఇంక ఆ మెట్లు ఎవడు మారుస్తాడు? కళ్ళ సంగతి ముందే నాతో చెప్పుంటే నేను ఏదో ఒకటి చేసేవాణ్ణి కదా?"

"ఏం చేసేవాడివి?"

"ఏదో ఒకటి" అన్నాడు ప్రెసిడెంటన్న మళ్ళీ. పక్కకు తప్పుకున్నాడు. తక్కిన గైడ్లు గుమ్మం వైపు వెళ్ళిపోయారు. రివర్సుగేరని ఎవరూ పిలవలేదు.

ఇంటికొచ్చాక మావయ్య మంచం మీద కూర్చున్నాడు. చొక్కా మీద బిళ్ళ ఉండే చోట రెండు చిల్లులు. అత్తయ్య అలవాటుగా వాటిని చూసి, సూదిలో దారం ఎక్కించబోయి, ఆగిపోయింది.

"రేపట్నుంచి పొద్దున్నే లేచి ఏం చెయ్యను?" అన్నాడు.

"రేపు ఆస్పత్రి. ఎల్లుండి సంగతి నాకూ తెలీదు."

"చుక్కలు మానేసినందుకు డాక్టరు తిడతాడేమో."

"తిట్టనివ్వండి. నేను ఎలాగూ తిట్టలేదు కదా."

మర్నాడు పొద్దున్న సందులోకి దిగాం. ఇన్నాళ్ళూ ఇద్దరూ ఎటు వెళ్ళినా మావయ్య గోడ వారగా, చెయ్యి గోడకు తగిలీ తగలనట్టు నడిచేవాడు. అత్తయ్య రెండడుగులు ఎడంగా, ఏమీ పట్టనట్టు నడిచేది. ఆరోజు ఆవిడ ముందు నిలబడి, "పట్టుకోండి" అంది. మావయ్య ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. వేశాక కూడా కాసేపు కదల్లేదు. సందు పొడుగునా గుమ్మాల్లో మనుషులున్నారు. ఆ చూపులు ఆయనకు కనబడవు, కానీ ఉంటాయని తెలుసు. నేను వెనక నిలబడి ఆయన మెడ మీద చెమట చూస్తున్నాను.

"నడవండి" అంది అత్తయ్య మెల్లగా.

సందు చివర టీ కొట్టతను కెటిల్ పట్టుకుని బయటికొచ్చాడు. "ఏంటి గురువుగారూ, ఈరోజు అక్కయ్య గైడా? ఎక్కడికి ఊరేగింపు?" అన్నాడు నవ్వుతూ.

మావయ్య ఆగాడు. ఏదో ఒకటి చెప్పి దాటేస్తాడనుకున్నాను.

"ఆస్పత్రికిరా. కళ్ళు పోతున్నాయి. ఉన్నదాన్ని ఉంచమని అడగబోతున్నాం" అన్నాడు.

కొట్టతని మొహంలో నవ్వు ఎక్కడిదక్కడే ఆగిపోయింది. కెటిల్ కింద పెట్టి, దారిలోకి చొచ్చుకొచ్చి ఉన్న బల్లను రెండు చేతులతో ఎత్తి, చప్పుడు కాకుండా లోపలికి జరిపాడు. అత్తయ్య అది చూసి తల ఊపింది. ఆమె భుజం మీద చెయ్యి వేసుకుని మావయ్య ఆ ఖాళీలోంచి నడిచి వెళ్ళాడు. అక్కడ అంతకుముందు ఒక బల్ల ఉందని ఆయనకు తెలియదు.